మిషన్ మీంచి లేచాక

బాగా కుట్టే మనిషిని పట్టుకుని సూపర్‌వైజర్ని చేస్తారు. మనుషుల చేత పని చేయించడం ఎలాగో మాత్రం ఎవరూ నేర్పరు. నైటీల ఊరు తళవాయిపురం మొదలుకొని ఢాకా దాకా ఈ లోటు ఒకటే.

మన పెరట్లో తీగ మీద ఆరేసిన నైటీ ఎక్కడ కుట్టిందో ఎవరికీ పట్టదు. మెడ వెనక చిన్న లేబుల్, దాని మీద ఏదో పువ్వు పేరో అమ్మాయి పేరో ఉంటుంది, అంతే. అలాంటి నైటీలకు, లోపావడాలకు పేరుపడ్డ ఊరు తళవాయిపురం. తమిళనాడు విరుదునగర్ జిల్లాలో, రాజపాళయానికి దక్షిణాన కొద్ది దూరంలో ఉంటుంది. ఆనుకునే సెట్టియార్‌పట్టి, ఆ పక్కన ముగవూరు. పడమట కనుమలు, వాటి పాదాల దగ్గర వరి, మామిడి. ఊళ్ళోకి వస్తే కుట్టుమిషన్ల చప్పుడు. ఇంటి వసారాలో నాలుగైదు మిషన్లు పెట్టుకున్నవాళ్ళున్నారు, షెడ్డు వేసి పదుల మిషన్లు నడిపేవాళ్ళూ ఉన్నారు.

రాజపాళయం తెలుగువాళ్ళకు పరాయి ఊరు కాదు. విజయనగర కాలంలో దక్షిణానికి దిగిన రాజుల కుటుంబాలు ఇక్కడ స్థిరపడ్డాయి. బడిలో తమిళం చదివినా ఇంట్లో తెలుగే మాట్లాడతారు. 1949 నుంచి 1952 దాకా ఉమ్మడి మద్రాసు రాష్ట్రాన్ని నడిపిన పి.ఎస్. కుమారస్వామి రాజా ఈ ఊరివాడే. 1936లో రాజపాళయం మిల్స్ స్థాపించి, నూలుమిల్లుల పట్టణంగా దీనికి పునాది వేసిన పి.ఎ.సి. రామస్వామి రాజా కూడా. ఆయన పేరిట పాలిటెక్నిక్ ఉంది, ఐటీఐ ఉంది. యంత్రం నేర్పే విషయంలో ఈ ప్రాంతానికి లోటు లేదు. లోటల్లా ఆ యంత్రాల వెనక కూర్చున్న మనుషులను నడపాల్సిన మనిషి దగ్గరే వస్తుంది.

ఆ మనిషి ఎక్కణ్ణుంచి వస్తాడు? లేక వస్తుంది? కుట్టు యూనిట్లో పని వరుస తెలిసిందే. తాను విప్పి పొరలు పొరలుగా పరుస్తారు, కటింగ్ మాస్టర్ గీసి కోస్తాడు, కోసిన ముక్కలను బండిళ్ళు కడతారు. భుజాలు ఒకరు, మెడ ఒకరు, చేతులు ఒకరు, పక్కలకు ఓవర్‌లాక్, అంచు మడత, తర్వాత దారాలు కత్తిరించి చెకింగ్, ఇస్త్రీ, ప్యాకింగ్. ఇందులో అందరికంటే చేతివాటం ఉన్నవాళ్ళు, ఏ మిషన్ మీదైనా కూర్చోగలిగినవాళ్ళు ఒకరిద్దరుంటారు. ఓనరు కన్ను వాళ్ళ మీద పడుతుంది. “రేపట్నుంచి లైను నువ్వు చూసుకో” అంటాడు. నిన్న పక్కనే కూర్చుని టిఫిన్ డబ్బాలో పచ్చడి పంచుకున్న మనిషి ఇవాళ నిలబడి పని అడగాలి. నిన్నటి దాకా అక్కా అని పిలిచిన పెద్దామెకు ఇవాళ తప్పు చూపించాలి. యూనిట్ ఒక మంచి టైలర్ని పోగొట్టుకుంటుంది. దానికి బదులు ఏం వచ్చిందన్నది నాలుగు నెలలు పోతే గానీ తెలియదు.

ఈ తొందరపాటు కొత్తది కాదు. రాజపాళయానికి కూతవేటులో ఉన్న శ్రీవిల్లిపుత్తూరు ఆండాళ్ కథనే కృష్ణదేవరాయలు ఆముక్తమాల్యదగా రాశాడు. అందులో నాలుగో ఆశ్వాసంలో యామునాచార్యుడు కొడుక్కి రాజనీతి చెబుతాడు. మనిషిని ఒక్కసారిగా పైకెత్తి, తర్వాత కిందికి దించితే వాడు తన పాత స్థితిని తలుచుకోడు, దించినవాడి మీద పగ పెంచుకుంటాడు. అందుకని నడవడి చూసుకుంటూ మెల్లమెల్లగా పెంచాలన్నది అందులో ఒక సలహా. ఎన్నో యుద్ధాలు చేసి, ఎందరో దండనాయకులను నియమించిన చక్రవర్తి అనుభవం అది. మన యూనిట్లలో జరిగేది సరిగ్గా దీనికి తలకిందులు. రాత్రికి రాత్రి ఎత్తడం, దీపావళి సరుకు ఆలస్యమైతే అందరి ముందు కేకలేసి దించడం.

బండిల్ ఎవరి చేతికి?

నాయకత్వం మీద మాట్లాడేవాళ్ళు చాలామంది దూరదృష్టి, స్ఫూర్తి అంటూ పెద్దపెద్ద మాటలు చెబుతారు. కుట్టు లైన్లో నాయకత్వం అంత ఎత్తులో ఉండదు. అది బండిల్ దగ్గర ఉంటుంది. పీస్ రేటు మీద నడిచే చోట పని పంచడమంటే కూలి పంచడమే. సాదా మెడ బండిల్ వచ్చినామెకు చేయి పరుగెడుతుంది. జిప్పు పెట్టాల్సిన మెడ, లేసు అతకాల్సిన యోకు వచ్చినామెకు అదే గంటలో సగం ముక్కలు కావు. రేటులో కొంత తేడా ఉన్నా శ్రమలో ఉన్నంత తేడా ఉండకపోతే రోజు చివర లెక్కలో నష్టపోయేది ఆమే. కటింగ్ ఆలస్యమై బండిళ్ళు రాకపోతే ఎవరు ఖాళీగా కూర్చోవాలి, కుట్టు విప్పి మళ్ళీ వేయాల్సిన ముక్కలు ఎవరి ఒళ్ళో పడాలి, కరెంటు పోయి వచ్చాక ఏ మిషన్‌కు ముందు పని అందాలి, ఇవన్నీ సూపర్‌వైజర్ నోటి మాట మీద జరిగే సంగతులు. పైకి చిన్నవే. నెలకు కూడితే ఒక ఇంటి పాల ఖర్చు అటో ఇటో అవుతుంది.

అందుకే అక్కడ సూపర్‌వైజర్ మంచివాడా కాదా అన్నది మాట తీరు బట్టి తేలదు. తియ్యగా మాట్లాడుతూ తేలిక బండిళ్ళన్నీ తన వీధి వాళ్ళకే ఇచ్చేవాడిని జనం వారంలో పసిగడతారు. నోరు కాస్త దురుసైనా పని సమంగా పంచే మనిషి వెనక లైన్ నిలబడుతుంది. (దురుసుతనానికి ఇది సమర్థన కాదు. దాని సంగతి ముందుంది.) ఊరంతా ఒకరికొకరు బంధువులో, ఒకే కులమో, కాకపోతే పాత పగలో ఉన్న చోట సమంగా పంచడం ఎంత కష్టమో పట్నంలో కూర్చుని మేనేజ్‌మెంట్ పుస్తకాలు రాసేవాళ్ళకు అంత సులభంగా అర్థం కాదు.

ఈ అధికారానికి ఒక చరిత్ర ఉంది. మన దేశంలో జౌళి మిల్లులు మొదలైనప్పుడు కూలీలను ఊళ్ళ నుంచి తెచ్చి, పనిలో పెట్టి, పని నేర్పి, వద్దనుకుంటే తీసేసేదంతా ఒక్కడే. బొంబాయిలో వాణ్ణి జాబర్ అన్నారు, మన దక్షిణాదిన మేస్త్రీ. ఉద్యోగం ఇచ్చినందుకు మామూలు, ఉంచినందుకు మామూలు. 1929లో కార్మిక సమస్యల మీద నియమించిన, విట్లీ కమిషన్‌గా పేరుపడ్డ రాయల్ కమిషన్ 1931 నాటి నివేదికలో ఈ పద్ధతిని గట్టిగా తప్పుపట్టింది. కూలీలను తీసుకునే అధికారం జాబర్ చేతి నుంచి తప్పించి లేబర్ ఆఫీసర్లను పెట్టమంది. కొన్ని పెద్ద మిల్లుల్లో అలాగే జరిగింది. చిన్న షెడ్డులో లేబర్ ఆఫీసర్ ఎక్కడుంటాడు? మేస్త్రీ పోయి సూపర్‌వైజర్ అన్న పేరు వచ్చింది. ‘మా ఊరి పిల్లలను నలుగురిని తెచ్చిపెడతా’ అన్న మాట మాత్రం ఇప్పటికీ వినబడుతూనే ఉంది.

నేర్పితే వచ్చే విద్యేనా?

కొందరికి పుట్టుకతో వస్తుంది, మిగతావాళ్ళకు రాదు అన్న నమ్మకం ఓనర్లలో గట్టిగా ఉంది. ఇది నిజం కాదని ఎనభై ఏళ్ళ కిందే తేలింది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికాలో అనుభవజ్ఞులు సైన్యానికి వెళ్ళిపోతే, కర్మాగారాలు కొత్తవాళ్ళతో నిండిపోయాయి. అప్పుడు అక్కరకొచ్చింది 1940లోనే మొదలుపెట్టిన ట్రైనింగ్ వితిన్ ఇండస్ట్రీ అనే కార్యక్రమం. ఫోర్‌మన్లకు మూడు విద్యలు: పని నేర్పడం, మనుషులతో మెలగడం, పని పద్ధతిని బాగుచేయడం. ఒక్కొక్కటి పది గంటలు మాత్రమే, రోజుకు రెండు గంటల చొప్పున. యుద్ధం ముగిసేలోగా 16 లక్షల మందికి పైగా ఇందులో తర్ఫీదు పొందారు. యుద్ధం తర్వాత జపాన్ దీన్ని ఇంకా శ్రద్ధగా పట్టుకుంది. టొయోటా పని పద్ధతుల్లో దీని జాడలు ఇప్పటికీ కనిపిస్తాయి.

మనుషులతో మెలగడం గురించి అందులో నేర్పినవి వింటే ఇంతేనా అనిపిస్తుంది. ఎవరి పని ఎలా ఉందో వాళ్ళకు ఎప్పటికప్పుడు చెప్పు. బాగా చేసినప్పుడు అప్పుడే, అక్కడే మెచ్చుకో. వాళ్ళను తాకే మార్పు ఏదైనా ఉంటే ముందే చెప్పు. ఎవరిలో ఏ నేర్పు ఉందో చూసి వాడుకో. మూడోదాన్ని తళవాయిపురం లాంటి ఊళ్ళో ఊహించుకోండి. రేపట్నుంచి కొత్త మోడల్, రేటు ఇంత అని ముందురోజు సాయంత్రం చెబితే రాత్రి ఇంట్లో లెక్కేసుకుని ఉదయం ప్రశ్నలతో వస్తారు. ఉదయం వచ్చి మిషన్ ముందు కూర్చున్నాక చెబితే ఆ రోజు పని ముక్కుతూ సాగుతుంది. మాట ఒకటే, చెప్పిన వేళ వేరు.

1950ల్లో ఈ శిక్షణ అంతర్జాతీయ కార్మిక సంస్థ చొరవతో మన దేశపు జౌళి మిల్లులకూ వచ్చింది. ఇంతకంటే ఆసక్తికరమైన సంగతి అహ్మదాబాద్‌లో అప్పుడే జరిగింది. గౌతమ్ సారాభాయ్ నడిపే కాలికో మిల్స్ వాళ్ళు తమ జూబ్లీ మిల్లులో ఆటోమేటిక్ మగ్గాలు పెట్టారు. ఇంజనీర్లు అంతా సరిగ్గా లెక్కకట్టారు. అయినా బట్ట అనుకున్నంత రాలేదు, పాడైన బట్ట తగ్గలేదు. 1953లో లండన్ టావిస్టాక్ సంస్థ నుంచి ఎ.కె. రైస్ వచ్చి చూశాడు. ఒక షెడ్డులో 224 మగ్గాలు, 29 మంది, 12 రకాల పనులు. ఒక్కొక్కరి చేతికింద మగ్గాల సంఖ్య వేరు. ఈ మగ్గం మాది అనుకునే జట్టే లేదు. దారం తెగితే ఎవరు ఎవరికి చెప్పాలో తెలియక భారమంతా సూపర్‌వైజర్ నెత్తిన పడేది. కొన్ని మగ్గాలకు కొందరు కలిసి బాధ్యులుగా ఉంటే ఎలా ఉంటుందని రైస్ సూచించాడు. సూపర్‌వైజర్లు, కార్మికులు ఆయన నివేదిక కోసం ఆగకుండా తామే జట్లు కట్టుకున్నారు. ఉత్పత్తి పెరిగింది, పాడవడం తగ్గింది. సూపర్‌వైజర్ ఎంత గొప్పవాడైనా పని అమరిక తప్పుగా ఉంటే అతను రోజంతా మంటలార్పుతూనే ఉంటాడని నాకు అర్థమైంది ఈ కథ వల్లే. శిక్షణ పేరుతో అతని గొంతునో మనసునో మార్చాలని చూసేముందు అతని చుట్టూ ఉన్న పనిని చూడాలి.

మొహమాటం లేని లెక్కలు

ఈ మధ్యకాలంలో బెంగళూరు దుస్తుల కర్మాగారాల్లో అచ్యుత అధ్వర్యు, నమ్రతా కలా, అనంత్ న్యషాధం అనే ఆర్థికవేత్తలు వరుసగా చేసిన పరిశోధనలు ఈ విషయంలో విలువైనవి. ఊహలు కావు, లైన్ల వారీగా రోజువారీ ఉత్పత్తి లెక్కలు. గాలిలో సన్నటి ధూళి ఎక్కువగా ఉన్న రోజుల్లో కుట్టేవాళ్ళ వేగం పడిపోతుంది. కొన్ని లైన్లలో ఆ నష్టం బాగా తక్కువ. ఎందుకని చూస్తే, అక్కడి సూపర్‌వైజర్లు ఎవరు డీలా పడుతున్నారో గమనించి వాళ్ళను వేరే పనికి మార్చి, ఆ చోట మరొకరిని కూర్చోబెడుతున్నారు. ధూళి సంగతి వాళ్ళకు తెలియదు. తెలిసినది మనిషి మొహం. మంచి సూపర్‌వైజర్‌లో ఏముంటుందని అడిగితే నేను చెప్పే మొదటి జవాబు ఇదే: కన్ను లైన్ మీద ఉండటం. ఫోన్ మీద కాదు, ఓనరు గది తలుపు మీద అసలే కాదు.

మరో ప్రయోగం ఇంకా ముచ్చటైనది. సూపర్‌వైజర్లకు మనుషులను నడిపే శిక్షణ ఇవ్వదలచి, ఎవరిని పంపితే లాభమో చెప్పమని వాళ్ళ పై అధికారులను అడిగారు. ఆ తర్వాత చీటీలు వేసినట్టు ఎంపిక చేసి పంపారు. తిరిగొచ్చాక చూస్తే, పై అధికారులు వెనక వరసలో పెట్టినవాళ్ళ లైన్లే ఎక్కువ బాగుపడ్డాయి. ముందు వరసవాళ్ళ ఉత్పత్తిలో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. పై అధికారులు ఎవరికి నేర్పు అవసరమని చూడలేదు, ఎవరు మానేసి వెళ్ళిపోతే తమకు తలనొప్పో చూసి వాళ్ళకు శిక్షణను తాయిలంగా ఇద్దామనుకున్నారు. మన ఆఫీసుల్లో హైదరాబాద్ హోటల్లో రెండు రోజుల శిక్షణకు ఎవరి పేరు వెళుతుందో ఒకసారి గుర్తుచేసుకోండి.

ఈ పరిశోధనల్లో ఓనర్లు ఇష్టంగా చెప్పుకునే భాగం ఒకటుంది, చెప్పుకోని భాగం ఒకటుంది. బెంగళూరులోనే 5 కర్మాగారాల్లో కుట్టే ఆడవాళ్ళకు మాట, సమయం, డబ్బుకు సంబంధించిన నేర్పులు చెప్పిన కార్యక్రమం పెట్టిన ఖర్చుకు రెండింతలకు పైగా తిరిగిచ్చింది. వాళ్ళ జీతాలు మాత్రం పెరిగీ పెరగనట్టు ఉండిపోయాయి.

బంగ్లాదేశ్ సంగతి చూస్తే మరో తలుపు తెరుచుకుంటుంది. అక్కడ కుట్టేవాళ్ళలో ఐదుగురిలో నలుగురు ఆడవాళ్ళు, సూపర్‌వైజర్లలో ఇరవైమందికి పంతొమ్మిదిమంది మగవాళ్ళు ఉండేవారని పరిశోధకులు రాశారు. 24 పెద్ద కర్మాగారాల్లో ఆడవాళ్ళకు సూపర్‌వైజర్లుగా తర్ఫీదు ఇచ్చి మగవాళ్ళతో పోల్చారు. పని గురించిన తెలివిలో తేడా లేదు. అయినా మొదట్లో వాళ్ళ కింద పనిచేసేవాళ్ళు ఆడ సూపర్‌వైజర్లను తక్కువగా చూశారు, లైన్లు కూడా కొంచెం వెనకబడ్డాయి. నాలుగు నెలలు గడిచేసరికి ఆ తేడా చెరిగిపోయింది. ఆ నాలుగు నెలలు ఆగే ఓపిక ఎంతమందికి ఉంటుంది? దేశంలోని కర్మాగారాల్లో పనిచేసే ఆడవాళ్ళలో నూటికి నలభైమందికి పైగా తమిళనాడులోనే ఉన్నారు కాబట్టి ఈ ప్రశ్న తళవాయిపురానికీ వర్తిస్తుంది. విశాఖ దగ్గర అచ్యుతాపురంలో వేలమంది ఆడపిల్లలు కుడుతున్న బ్రాండిక్స్ పార్కుకూ అంతే.

నోరు, చేయి, భయం

దురుసుతనం సంగతి చెబుతానన్నాను. 2021 జనవరిలో దిండుగల్ జిల్లాలోని ఒక దుస్తుల కర్మాగారంలో పనిచేసే దళిత యువతి హత్యకు గురైంది. నిందితుడు ఆమె సూపర్‌వైజర్. అంతకుముందు నుంచే అతను వేధిస్తున్నాడని ఆమె కుటుంబం, తోటి కార్మికులు చెప్పారు. ఆ తర్వాత ఏడాదికి పైగా సాగిన పోరాటం ఫలితంగా 2022 ఏప్రిల్‌లో దిండుగల్ ఒప్పందం కుదిరింది. ఆడవాళ్ళ నాయకత్వంలో నడిచే తమిళనాడు జౌళి కార్మిక సంఘం, కర్మాగారం, దాని దగ్గర సరుకు కొనే విదేశీ బ్రాండు అందరూ సంతకాలు చేశారు. పనిచేసే చోటే కార్మికుల్లోంచి ఎంపికైన పర్యవేక్షకులు ఉండాలన్నది అందులో ఒక షరతు. ఫిర్యాదు చేసినవాళ్ళ మీద కక్ష తీర్చుకోకూడదు. సూపర్‌వైజర్లకు, మేనేజర్లకు శిక్షణ తప్పనిసరి. మొదటి ఏడాది వచ్చిన ఫిర్యాదుల్లో అత్యధిక భాగం పరిష్కారమయ్యాయని ఆ ఏడాది నివేదిక చెప్పింది. సూపర్‌వైజర్‌ని అడిగేవాళ్ళు కింద కూడా ఉన్నారన్నదే ఆ శిక్షణకు బలం. అది లేకుండా ఎన్ని గంటల ఉపన్యాసమిచ్చినా కాఫీ తాగి వెళ్ళిపోతారు.

చిన్న యూనిట్లకు ఒప్పందాలు లేకపోయినా చట్టం ఉంది. పదిమంది, ఆపైన పనిచేసే ప్రతిచోటా లైంగిక వేధింపుల మీద విచారించే అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతుంది. పదిమంది కూడా లేని చోట్ల ఆడవాళ్ళు జిల్లా స్థాయిలోని స్థానిక కమిటీకి వెళ్ళవచ్చు. సూపర్‌వైజర్‌కు నేర్పాల్సిన మొదటి పాఠాల్లో ఇది ఒకటి. ఎలా ప్రవర్తించకూడదన్నదొకటే కాదు, ఒక పిల్ల ఏడుస్తూ వచ్చి చెబితే ఏం చేయాలన్నది కూడా.

తళవాయిపురం ఉన్న విరుదునగర్ జిల్లాలోనే ఉన్న శివకాశి వైపు చూస్తే సూపర్‌వైజర్ బాధ్యత ఎంత దూరం వెళుతుందో తెలుస్తుంది. 2012 సెప్టెంబరు 5న ముదలిపట్టి బాణసంచా కర్మాగారంలో జరిగిన పేలుడులో దాదాపు 40 మంది చనిపోయారు. బాణసంచాలో ఒక గదిలో ఎంతమంది ఉండాలి, ఎంత మందు ఉండాలి అన్నదానికి నిబంధనలున్నాయి. ఆర్డర్ల ఒత్తిడిలో ఓనరు ఎక్కువ చేయమన్నప్పుడు కుదరదని చెప్పాల్సినవాడు ఫోర్‌మన్. ఆ ఒక్క మాట చెప్పే ధైర్యానికి ఉద్యోగ భద్రత కావాలి. నైటీ యూనిట్లో ప్రాణం మీదికి రాదు కానీ, ‘ఈ రోజుకు చాలు, పిల్లలు ఆఖరు బస్సు అందుకోవాలి’ అని చెప్పగలిగే సూపర్‌వైజర్ అక్కడా కావాలి. ఆ మాటకు ఓనరు తలూపకపోతే రేపు ఆమె మాట ఎవరూ వినరు.

మరి ఇక్కడ ఏం చేయొచ్చు? ఒక్కో యూనిట్ విడిగా శిక్షకులను పిలిపించుకునే స్తోమత ఉండదు. పదిమంది ఓనర్లు కలిస్తే ఉంటుంది. కోయంబత్తూరులో 1956 నుంచి నడుస్తున్న దక్షిణ భారత జౌళి పరిశోధన సంఘం, సిట్రా, మిల్లుల సూపర్‌వైజర్లకు పాఠాలు చెప్పిన సంస్థ. రాజపాళయం పాలిటెక్నిక్‌లో సాయంత్రం పూట ఒక గది దొరకడం కష్టం కాదు. పాఠాలు తమిళంలో, అవసరమైతే తెలుగులో, వాళ్ళ లైన్లోని వాళ్ళ తగాదాల మీదే ఉండాలి. వాటితోపాటు ఒక నోటుబుక్కు. ఏ రోజు ఏ బండిల్ ఎవరికి ఇచ్చారో అందులో రాసి అందరికీ కనబడేలా గోడకు తగిలించాలి. ఆ బుక్కు చూసి గొడవలు మొదట పెరుగుతాయి. పెరగనివ్వాలి.

డబ్బు సంగతి తేల్చకుండా ఇవేవీ నిలవవు. పీస్ రేటు మీద పరుగెత్తే మంచి టైలర్ సీజన్లో సంపాదించేది సూపర్‌వైజర్ నెల జీతం కంటే ఎక్కువ కావచ్చు. అలాంటప్పుడు పై పదవి వద్దని తెలివైనవాళ్ళే తప్పుకుంటారు, కాదనలేనివాళ్ళు మిగులుతారు. జీతం ఆ లైన్లో బాగా కుట్టేవాళ్ళ సగటు సంపాదన కంటే కాస్త పైన మొదలవ్వాలి. శిక్షణ దీపావళి సరుకు బండెక్కాక, పొంగల్ ఆర్డర్లు ఊపందుకోక ముందు పెట్టుకోవాలి. శిక్షణకు కూర్చున్న గంటలకు ముక్కల లెక్క లేకుండా కూలి కట్టివ్వాలి. ఆ ఖర్చు ఓనర్లు పంచుకోవాలా, సరుకు కొని ఊళ్ళూళ్ళకు చేర్చే హోల్‌సేల్ వ్యాపారి కూడా కొంత భరించాలా అన్నది వాళ్ళూ వాళ్ళూ కూర్చుని తేల్చుకోవాల్సిన బేరం. ఆ బేరంలో సూపర్‌వైజర్లను కూడా కూర్చోబెట్టాలి.